నేల నాడి పట్టేవాళ్లు

పక్కింటివాళ్లు బోరు వేయిస్తే రెండొందల అడుగులకే నీళ్లు పడతాయి. అదే వరసలో మనం వేయిస్తే ఎనిమిదొందల అడుగులు దిగినా రాతిపొడే పైకి లేస్తుంది. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న చాలామందికి ఇది అనుభవమే. 'మన అదృష్టం ఇంతే' అని సరిపెట్టుకుంటాం. నిజానికి ఇందులో అదృష్టం పాత్ర తక్కువ. కింద ఉన్న గ్రానైట్‌లో పగుళ్లు ఎక్కడున్నాయి, ఏ దిక్కుకు సాగాయి అన్నదే అసలు విషయం. ప్రహరీగోడకు అటూ ఇటూ నేల అంతగా మారిపోతే, కిలోమీటర్ల కొద్దీ సొరంగం తవ్వేవాళ్ల సంగతేంటి? పైన మేడలూ గుళ్లూ ఆసుపత్రులూ... కింద ఏముందో కంటికి కనిపించదు. ఆ కనిపించనిదాన్ని చదివి 'ఇటు వెళ్లండి, ఇక్కడ ఆగండి' అని చెప్పేవాళ్లున్నారు. వాళ్లే ఇంజినీరింగ్ జియాలజిస్టులు.

భూమిలో బంగారం, బొగ్గు వెతికేవాడే జియాలజిస్టు అని మనలో చాలామంది అనుకుంటారు. వీళ్లు వెతికేది వేరు. ఆ నేల బరువు మోస్తుందా, తవ్వితే నిలబడుతుందా, నీళ్లు ఎటునుంచి వస్తాయి... ఇవీ వీళ్ల ప్రశ్నలు. డ్యాములూ వంతెనలూ కట్టేచోట ఎప్పట్నుంచో ఉన్న ఈ ఉద్యోగానికి ఇప్పుడు నగరాల్లోనూ గిరాకీ పెరిగింది. కారణం ఒక్కటే. నగరాల్లో పైన చోటు అయిపోయింది!

ఊరి కింద ఊరు

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఈత కొలనుకు వెళ్లాలంటే కొన్నిచోట్ల కొండ లోపలికి నడవాలి. ఇటాకెస్కుస్ అనే ప్రాంతంలో 1993లో తెరిచిన ఈత కొలను పూర్తిగా రాతిలోనే ఉంది. యుద్ధమే వస్తే అది 3,800 మందికి రక్షణ గదిగా మారిపోతుంది. ఆ నగరం కింద 400కు పైగా నిర్మాణాలున్నాయి. వాటికోసం తొలిచిన చోటంతా లెక్కేస్తే కోటి ఘనపు మీటర్ల పైమాటే. పార్కింగ్ స్థలాలూ, వేడినీటి గొట్టాలూ, ఆఖరికి మురుగునీటి శుద్ధి కేంద్రమూ కిందే. తాగునీరు 120 కిలోమీటర్ల రాతి సొరంగంలో వస్తుంది. ఇంకా విశేషమేంటంటే, పైన ఏ వీధిలో ఏం కట్టాలో ప్లాన్ ఉన్నట్టే, కింద ఎక్కడ ఏం రావాలో కూడా ఆ నగరపాలక మండలి 2010లో ఒక మాస్టర్ ప్లాన్‌ను ఆమోదించింది. ఇదంతా అక్కడి రాయి చలవే. మన దక్కన్ గ్రానైట్‌లా అదీ అతి పురాతనమైన గట్టి రాయి.

సింగపూర్‌ది మరో రకం అవసరం. ఒక్క నగరమే దేశం. చమురు ట్యాంకులకు ఎకరాలకు ఎకరాలు కేటాయించే స్తోమత లేదు. అందుకే జురాంగ్ దీవి దగ్గర 130 మీటర్ల లోతున ఐదు భారీ గుహలు తొలిచి, 2014లో ప్రారంభించింది. ఒక్కో గుహ ఎత్తు తొమ్మిది అంతస్తుల మేడంత! దానివల్ల పైన దాదాపు 150 ఎకరాల భూమి మిగిలింది.

అంత దూరం ఎందుకు, మన విశాఖపట్నంలోనే అలాంటి గుహలున్నాయి. 60 వేల టన్నుల వంటగ్యాస్ పట్టే రాతి గుహ 2007 నుంచీ పనిచేస్తోంది. దేశానికి ఆపత్కాలంలో పనికొచ్చేలా 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే గుహలు 2015లో సిద్ధమయ్యాయి. వీటిలో ఇనుప ట్యాంకు ఉండదు, రాయే ట్యాంకు! మరి పగుళ్లలోంచి చమురు కారిపోదా? ఇక్కడే ఉంది కిటుకు. గుహ చుట్టూ రాతి పగుళ్లలో నీటి ఒత్తిడి, లోపలి చమురు ఒత్తిడి కన్నా ఎప్పుడూ ఎక్కువ ఉండేలా చూస్తారు. దాంతో నీరు కొద్దికొద్దిగా లోపలికి ఊరుతుందే తప్ప చమురు బయటికి పోలేదు. ఊరిన నీటిని అడుగు నుంచి తోడేస్తారు. వినడానికి తేలికే. కానీ ఏ పగులు ఎటు పోతోందో, ఏ పగులులో ఎంత నీరుందో తెలియకపోతే ఈ కిటుకు పారదు. అది చెప్పాల్సింది జియాలజిస్టే.

దెబ్బలు లెక్కపెట్టి...

నేలను చదవడం ఎలా మొదలవుతుంది? వైద్యుడు ముందు పాత చీటీలు అడిగినట్టు, వీళ్లు ముందు పాత పటాలు తీస్తారు. ఒకప్పుడు అక్కడ చెరువుండేదా, వాగు పారేదా, క్వారీ తవ్వి పూడ్చేశారా? మన నగరాల్లో పూడ్చిన చెరువులకు కొదవేముంది! ఆ తర్వాత బోర్లు. ఇవి నీళ్లకోసం వేసేవి కావు, మట్టి కోసం వేసేవి.

63.5 కిలోల ఇనుప దిమ్మెను 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే వదులుతూ ఒక గొట్టాన్ని మట్టిలోకి దింపుతారు. అది 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కపెడతారు. రెండుమూడు దెబ్బలకే దిగిపోతే బాగా మెత్తటి నేల. యాభై దెబ్బలు కొట్టినా దిగకపోతే గట్టి నేల. ప్రపంచమంతా వాడే పరీక్ష ఇది.

రాయి తగిలాక పద్ధతి మారుతుంది. వజ్రపు పళ్లున్న గొట్టంతో తొలిచి, గుండ్రటి రాతికడ్డీలను బయటికి తీస్తారు. వీటిని కోర్ అంటారు. అరలున్న పెట్టెల్లో లోతు వారీగా పేర్చి, 10 సెంటీమీటర్ల కన్నా పొడవున్న ముక్కలన్నిటినీ కలిపి కొలుస్తారు. మొత్తం తొలిచిన పొడవులో అవి 90 శాతానికి మించితే మేలైన రాయి. పావువంతు కూడా లేకపోతే జాగ్రత్త పడాల్సిన రాయి. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ డీర్ 1960ల్లో చెప్పిన లెక్క ఇది. అనుభవమున్న జియాలజిస్టు మాత్రం పెట్టెలో ఉన్న రాతికన్నా లేని రాతిని ఎక్కువ చూస్తాడు. ముక్క పైకి రాలేదంటే అక్కడ రాయి నుగ్గయి ఉందన్నమాట. ముప్పు ఉండేది తరచూ అక్కడే.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది సగం మట్టి, సగం రాయి ఉన్న నేల. చెన్నై, బెంగళూరు మెట్రోలకు ఇదే ఎదురైంది. సొరంగం తవ్వే భారీ యంత్రం ముఖం పై సగానికి మెత్తటి మట్టి, కింది సగానికి గట్టి రాయి తగిలితే పళ్లు త్వరగా అరిగిపోతాయి. రాయి దగ్గర యంత్రం నెమ్మదిస్తుంది. ఆలోగా పైనున్న మట్టి ఎక్కువగా లోపలికి వచ్చేసి రోడ్డు కుంగుతుంది.

ఉద్యోగం పోయి, దారి దొరికి...

ఈ రంగంలో ప్రపంచమంతా తలచుకునే పేరు రాల్ఫ్ పెక్. 1912లో కెనడాలో పుట్టి, అమెరికాలో పెరిగాడు. తండ్రి రైల్వే వంతెనల ఇంజినీరు. కొడుక్కీ వంతెనలంటేనే ప్రాణం. వాటిమీదే డాక్టరేట్ చేసి, వంతెనలు కట్టే కంపెనీలో చేరాడు. 1938లో ఆర్థికమాంద్యం దెబ్బకు ఉద్యోగం పోయింది. మట్టి గురించి చదివితే పాఠాలు చెప్పే ఉద్యోగమైనా దొరుకుతుందని హార్వర్డ్‌కు వెళ్లాడు. సరిగ్గా అప్పుడే వియన్నా నుంచి అక్కడికి వచ్చాడు కార్ల్ టెర్జాగీ. మట్టి ప్రవర్తనను ఒక శాస్త్రంగా నిలబెట్టిన మనిషి.

ఆ రోజుల్లో షికాగోలో నగరం నడిబొడ్డున భూగర్భ రైలుమార్గం తవ్వుతున్నారు. కింద మెత్తటి బంకమట్టి, పైన ఆకాశాన్నంటే భవనాలు. సలహాదారు టెర్జాగీ. అక్కడ మట్టి పరీక్షల ప్రయోగశాల నడపడానికి 1939లో ఆయన పంపింది పెక్‌నే. అప్పటికి పెక్‌కు నిండా 27 ఏళ్లు లేవు.

బంకమట్టిని తవ్వితే ఖాళీ ఖాళీగా ఉండిపోదు. చపాతీ పిండిని నొక్కినట్టు చుట్టూ ఉన్న మట్టి నెమ్మదిగా లోపలికి జరుగుతుంది. ఎంత జరిగితే పైన రోడ్డూ భవనాలూ ఆ మేరకు కుంగుతాయి. పెక్ బృందం చేసిన పని ఏంటంటే, కొలవడం. సొరంగంలో మట్టి ఎంత కదిలిందో, పైన భవనం ఎంత దిగిందో రోజూ కొలిచి రాసుకోవడం. ఆ అంకెలను బట్టి ఏ దశలో ఎక్కువ కుంగుతోందో తెలిసింది. తవ్వే వరస, ఊతం పెట్టే వరస మార్చారు. కుంగుడు తగ్గింది. 1943లో ఆ మార్గంలో రైలు నడిచింది.

అక్కడి నుంచి పెక్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1942 నుంచి 1974 వరకూ పాఠాలు చెప్పాడు. 1948లో టెర్జాగీతో కలిసి రాసిన పాఠ్యపుస్తకం తరతరాల ఇంజినీర్లకు దారి చూపింది. విద్యార్థులు ఎంత పెద్ద ప్రాజెక్టు గురించి చెప్పినా ఒక్క కాగితంలో రాసి తెమ్మనేవాడు. సమస్యను ఒక్క పేజీలో చెప్పలేకపోతే అది మీకింకా అర్థం కానట్టే అన్నది ఆయన లెక్క! నేలకింద పనిచేసేవాడికి మూడు తెలిసుండాలనేవాడు. అంతకుముందు ఇలాంటి చోట్ల ఏం జరిగిందో తెలియాలి. మట్టి శాస్త్రం తెలియాలి. భూగర్భశాస్త్రం తెలియాలి.

1969లో లండన్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఆయన తన పద్ధతిని వివరంగా చెప్పాడు. దానికి పరిశీలన పద్ధతి అని పేరు. ఎన్ని బోర్లు వేసినా నేల పూర్తిగా తెలియదు. కాబట్టి తెలిసినంతలో డిజైన్ చేయాలి. దాంతోపాటే పరిస్థితి మరీ విషమిస్తే ఎలా ఉంటుందో ముందే ఊహించాలి. ఏం కొలవాలో, ఏ అంకె దాటితే ఏం చేయాలో పని మొదలుకాకముందే రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత కొలుస్తూ తవ్వాలి. పని మధ్యలో పద్ధతి మార్చుకునే వీలే లేనిచోట ఇది వాడొద్దనీ హెచ్చరించాడు. 95 ఏళ్లు బతికి, 2008లో కన్నుమూసేనాటికి ఆయన సలహా ఇచ్చిన పనులు వెయ్యికి పైనే.

అంకెలు చెప్పినా వినకపోతే

కొలవడం ఒక ఎత్తు. కొలిచినదాన్ని నమ్మడం మరో ఎత్తు. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో మెట్రో కోసం తవ్విన 30 మీటర్ల పైచిలుకు లోతైన గొయ్యి ఒక్కసారిగా కూలింది. పక్కనున్న నికోల్ హైవే దానిలోకి దిగబడింది. నలుగురు చనిపోయారు. విచారణలో తేలిందేంటంటే, గొయ్యి పక్కగోడ అనుకున్నదానికన్నా ఎక్కువ వంగుతోందని పరికరాలు ముందునుంచే చెబుతున్నాయి. పని ఆపి చూడాల్సింది పోయి, లెక్కలు మళ్లీ వేసి 'ఇంత వంగినా ఫర్వాలేదు' అంటూ హద్దును పెంచుకుంటూ పోయారు. గోడకు పెట్టిన ఉక్కు ఊతాల అతుకుల డిజైన్‌లోనే లోపముంది. నేల చెప్పింది, మనుషులే వినలేదు.

కోల్‌కతాలో ఇంకో రకం అనుభవం. హుగ్లీ నది కింద 520 మీటర్ల సొరంగాన్ని 2017లో సాఫీగా దాటేశారు. అందరూ భయపడింది నదికే. తీరా 2019 ఆగస్టు 31న, నది దాటి ఊళ్లోకి వచ్చాక, బవ్‌బజార్ ఇరుకు సందుల కింద నీళ్లూ ఇసుకా నిండిన పొర తగిలింది. అది సొరంగంలోకి ఉరికింది. పైన పాతకాలపు ఇళ్లు బీటలువారాయి, కొన్ని కూలాయి. వందలమంది కట్టుబట్టలతో బయటికి రావాల్సి వచ్చింది. 2022లోనూ అదే చోట మళ్లీ ఇళ్లు పగుళ్లిచ్చాయి. ఆ మార్గం పూర్తిగా అందుబాటులోకి వచ్చేసరికి 2025 ఆగస్టు అయింది.

ఇక ఎస్‌ఎల్‌బీసీ సొరంగం గురించి తెలుగువారికి కొత్తగా చెప్పాల్సింది లేదు. శ్రీశైలం జలాశయం నుంచి నల్గొండకు నీళ్లు తెచ్చే దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. నగరం కింద కాదు, నల్లమల అడవి కింద. పైన పులుల అభయారణ్యం కావడంతో మధ్యలో ఎక్కడా దారులు తవ్వే వీల్లేక రెండు చివర్ల నుంచే తొలుచుకుంటూ వచ్చారు. 2025 ఫిబ్రవరి 22న, దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, బలహీనమైన రాతిపొర నీళ్లతో సహా విరిగిపడింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నెలరోజులకు పైగా గాలిస్తే ఇద్దరి మృతదేహాలే బయటికి తేగలిగారు. ఎదుటి పది మీటర్లలో ఏముందో ముందే తెలుసుకోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా విషాదమైన ఉదాహరణ అక్కర్లేదు.

తవ్వుతూనే మార్చి...

పరిశీలన పద్ధతిని చక్కగా వాడుకున్న ఉదాహరణ మన దేశంలోనే ఉంది. అందులో ఓ తెలుగు మహిళ పాత్రా ఉంది. జమ్మూకశ్మీర్‌లో చీనాబ్ నదిపై 359 మీటర్ల ఎత్తున కట్టిన రైలు వంతెన 2025 జూన్‌లో ప్రారంభమైంది. బెంగళూరులోని ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ గాలి మాధవీలత ఆ వంతెన పునాదుల కొండవాలు నిలకడపై పదిహేడేళ్లు సలహాదారుగా పనిచేశారు. ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆమె సొంతూరు. కాకినాడలో బీటెక్, వరంగల్‌లో ఎంటెక్, ఐఐటీ మద్రాసులో పీహెచ్‌డీ చేశారు.

అక్కడి కొండ నిండా పగుళ్లే. తవ్వేకొద్దీ ముందు సర్వేలో కనిపించనివి బయటపడేవి. ముందు గీసిన డిజైన్‌కే కట్టుబడి ఉంటే కుదరదు. దొరికిన రాతిని బట్టి ఎప్పటికప్పుడు లెక్క మార్చి, రాతిలోకి దింపే ఉక్కు కడ్డీల సంఖ్యా, పొడవూ, చోటూ మార్చుకుంటూ వెళ్లారు. పని సాగేకొద్దీ డిజైన్ చేయడమన్నమాట. పెక్ షికాగో బంకమట్టిలో నేర్చుకున్నదీ ఇదే.

మీ పిల్లలు చదవాలంటే...

ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్స్ ఒక్కటే కాదు కదా! ఈ రంగంలోకి రావడానికి రెండు దారులున్నాయి. మొదటిది సైన్సు దారి. ఇంటర్లో సైన్సు చదివి, డిగ్రీలో జియాలజీ తీసుకుని, ఆపైన ఎమ్మెస్సీ జియాలజీ గానీ అప్లైడ్ జియాలజీ గానీ చేయొచ్చు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ విభాగాలున్నాయి. ధన్‌బాద్, రూర్కీ ఐఐటీల్లో ఈ చదువుకు మంచి పేరుంది. రెండోది ఇంజినీరింగ్ దారి. సివిల్‌లో బీటెక్ చేసి, ఎంటెక్‌లో జియోటెక్నికల్ తీసుకోవాలి. ఏ దారిలో వచ్చినా రెండోదాని భాష నేర్చుకోక తప్పదు. రాయి తెలిసినవాడికి లెక్క, లెక్క తెలిసినవాడికి రాయి రావాలి.

ఉద్యోగాల విషయానికొస్తే, 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పెద్ద దిక్కు. యూపీఎస్‌సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా అందులో చేరొచ్చు. ఆ సంస్థ శిక్షణ కేంద్రం ఉన్నది మన హైదరాబాద్‌లోనే. సొరంగాలకూ గుహలకూ సలహాలిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్, మెట్రో సంస్థలూ, జలవిద్యుత్ ప్రాజెక్టులూ, డిజైన్ కంపెనీలూ వీళ్లను తీసుకుంటాయి.

అయితే ఇది ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం కాదని పిల్లలకు ముందే చెప్పాలి. పేలుడు జరిపి సొరంగం తవ్వేచోట, ఒక్కో పేలుడు అయి పొగ తగ్గగానే హెల్మెట్ పెట్టుకుని ముందుగా వెళ్లేవాళ్లలో జియాలజిస్టు ఒకడు. కొత్తగా బయటపడిన రాతిముఖాన్ని చూసి, పగుళ్లు ఎటు వాలాయో దిక్సూచితో కొలిచి, పటం గీసి, ఎంత ఊతం కావాలో చెప్పాలి. అది అర్ధరాత్రి కావచ్చు, మోకాలి లోతు నీళ్లు ఉండొచ్చు. అవతల కాంట్రాక్టరు గడియారం చూసుకుంటుంటాడు. ఒక్క రోజు ఆగినా ఖర్చు భారీగా పెరుగుతుంది. అలాంటప్పుడు 'ఇవాళ ముందుకు వెళ్లొద్దు' అనాలంటే చదువొక్కటే చాలదు, ధైర్యం కావాలి. ఆ మాట వినే పైఅధికారీ ఉండాలి.

ఇంకో చిక్కూ ఉంది. ఈ పనిలో గెలుపు ఎవరికీ కనిపించదు. సొరంగం పూర్తయి, పైన ఒక్క గోడా బీటలివ్వకపోతే అక్కడో జియాలజిస్టు పనిచేశాడని కూడా ఎవరికీ తెలియదు. పేపర్లో పేరు వచ్చేది ఏదైనా కూలినప్పుడే!

మీ వీధిలో ఎప్పుడైనా మూడుకాళ్ల ఇనుప స్టాండు పాతి, దిమ్మెతో దబదబా కొడుతుంటే, పక్కనే ఒకరు నిలబడి దెబ్బలు లెక్కపెట్టుకుంటుంటే చిరాకుపడకండి. మన ఇంటి గోడ క్షేమం మొదలయ్యేది ఆ లెక్కతోనే.